వంకలేని పడవ

ఫిబ్రవరి 3

అత్తా,

ఫోను చేస్తే ఎత్తవు. ఎత్తినా "నోటిమాట నాకొద్దు, కాగితం మీద పెట్టు" అంటావు. రిటైరై రెండేళ్ళయినా ఆఫీసు నిన్ను వదల్లేదు. సరే, పెడుతున్నా.

అక్టోబరులో వారం రోజులు షాపుకి సెలవు పెట్టాను. ఈసారి ఒడ్డున హోటల్లో ఉండి రోజూ పొద్దున్నే పడవెక్కడం కాదు, వారమంతా పడవలోనే. తిండి అక్కడే, పడక అక్కడే. రోజుకి మూడుసార్లు సిలిండరు కట్టుకుని నీళ్ళలోకి దిగడం, పైకొచ్చి తినడం, మళ్ళీ దిగడం. ఎనిమిదేళ్ళుగా డైవింగ్ చేస్తున్నా ఇలాంటి ప్రయాణం నాకిదే మొదలు.

ఇద్దరికి గది తీసుకోవాలని ఉంది. రెండో మనిషివి నువ్వు. కాదనకు. నీకు ఈత వచ్చు, డాక్టరు సరేనంటే పడవలో ఉన్న గురువే చెయ్యి పట్టుకుని నాలుగైదు మీటర్ల లోతుకి దింపుతాడు. అదీ వద్దంటే పైన కూర్చుని పుస్తకం చదువుకో. చిన్నప్పుడు బడి నుంచి నేరుగా నీ దగ్గరికొచ్చి, నీ బల్ల కింద కూర్చుని సముద్రం కథలు వినేదాన్ని. పడవ ముక్కుతో పందెం వేసిన డాల్ఫిన్లు, రెండు రంగుల నీళ్ళు కలిసే గీత, ఎగిరే చేప వచ్చి నీ చొక్కా జేబులో పడటం. నాలుగో తరగతిలో ఆ చేప కథ రాస్తే టీచరు అబద్ధమంది. మా అత్త అబద్ధం చెప్పదని వాదించి క్లాసు బయట నిలబడ్డాను. నేను నీళ్ళలోకి దిగింది ఆ కథల వల్లే. ఆ సముద్రంలో ఒక్కసారి నీ పక్కన కూర్చోవాలని ఎన్నాళ్ళ నుంచో ఉంది.

మూడు పడవల ప్లాన్లూ ఫోటోలూ ఈ కవర్లో ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళు పడవలకి సర్టిఫికెట్లిచ్చిన దానివి, నువ్వు ఏదంటే అదే. నాకు మొదటిది నచ్చింది. తెల్లగా, పెళ్ళికూతురులా ఉంది.

నాన్న నిన్ను అడిగానని చెప్పమన్నాడు. మోకాలు నయమే.

నీ కోడలు పిల్ల

*

ఫిబ్రవరి 11

పిల్లా,

నీ ఉత్తరం అందింది. చేతిరాత ఇంకా కోడి కెలికినట్టే ఉంది. అంత సన్నటి కళ్ళద్దాలు సానబట్టే చేతులకి అక్షరాలు ఎందుకు కుదరవో నాకర్థం కాదు.

మీ పెళ్ళికూతురిని చూశాను. ఎర్ర పెన్సిలు గీతలు ప్లాను మీదే ఉన్నాయి. మొదటిది: పైకప్పు మీద స్నానాల తొట్టి. ఫోటోలో ఎనిమిదిమంది అందులో కూర్చుని నవ్వుతున్నారు. నీళ్ళు, మనుషులు కలిపి ఎంత లేదన్నా మూడు టన్నులు. అంత బరువు నెత్తిన పెట్టుకున్న పడవ గాలి పక్కనుంచి కొడితే ఏం చేస్తుందో నెత్తిన బిందె పెట్టుకుని ఒంటికాలి మీద నిలబడి చూడు, తెలుస్తుంది. రెండోది: కింది గదులన్నిటికీ పైకి రావడానికి ఒకటే మెట్ల దారి. అత్యవసర ద్వారం అని ఒకటి రాశారు గానీ అది తెరుచుకునేది ఆ మెట్ల పక్కనే. మెట్ల దగ్గర మంటొస్తే రెండు దారులూ ఒక్కసారే పోతాయి. అలాంటి దాన్ని ద్వారం అనరు, అలంకారం అంటారు.

కాబట్టి తెల్లది వద్దు. మిగతా రెండూ ఇంకా చూడలేదు. ఒక్కో పడవకి ఒక్కో వారం పడుతుంది, కలిపి చూడటం నా పద్ధతి కాదు.

నేను రావడం సంగతి అంటావా, పడవ తేలనీ. తేలని పడవ మీద సీటు ఖాయం చేసుకోవడం ఎందుకు.

మొన్న లావు సారు కనిపించాడు. నాతో పాటు పనిచేసిన ఇంకో ఇన్‌స్పెక్టరు, నీకు గుర్తుండే ఉంటాడు, నీకు బిస్కెట్లిచ్చేవాడు. ఇప్పుడు ఇంకా లావయ్యాడు. మనవరాలికి కథలు చెప్పలేక చస్తున్నానన్నాడు.

మీ నాన్నని మెట్లెక్కొద్దని చెప్పు.

అత్త

*

ఫిబ్రవరి 20

అత్తా,

పెళ్ళికూతురిని వదిలేశాను. ఆ అత్యవసర ద్వారం సంగతి నువ్వు చెప్పేదాకా నాకు తట్టలేదు. హార్బర్లో నిన్ను సుత్తి మేడమ్ అని ఎందుకనేవాళ్ళో ఇప్పుడు తెలిసింది. పడవ అడుగుని సుత్తితో తట్టి చూస్తావు కాబట్టి అనుకునేదాన్ని ఇన్నాళ్ళూ.

మిగతా రెండూ త్వరగా చూడు. ఆకుపచ్చ గీతది ఫోటోగ్రాఫర్ల కోసం కట్టారట, బ్యాటరీలు చార్జింగ్ పెట్టుకోవడానికి నలభై ప్లగ్గులున్నాయి. మూడోది పాత చెక్క పడవ. చూస్తే నీకు ముచ్చటేస్తుంది.

ఇంకో చిన్న పని. నీ కళ్ళజోడు పవరు చీటీ ఒకటి పంపు. పాతదైనా పర్లేదు. దూరానికి ఎంత, దగ్గరికి ఎంత, రెండూ కావాలి. ఎందుకని అడక్కు.

రావడం గురించి ఈసారైనా ఔననో కాదనో రాయి. వచ్చే నెలాఖరు లోపల ఇద్దరి పేర్లూ ఇవ్వాలి. తర్వాత గదులుండవు.

నీ కోడలు పిల్ల

*

మార్చి 2

పిల్లా,

ఆకుపచ్చ గీత: ఆ నలభై ప్లగ్గులూ ఎక్కడ పెట్టారో చూశావా? భోజనాల గదిలో, సోఫా పక్కన, సరిగ్గా మెట్ల కింద. రాత్రంతా బ్యాటరీలు వేడెక్కుతుంటే పైన స్పాంజి పరుపులు, ఆ పైన మీరు. కాపలా ఎవరుంటారని అడుగు. ఎవరూ ఉండరు. వద్దు.

చెక్క పడవ: ముచ్చటేసింది, నిజమే. కానీ డెక్కు ఫోటోలో ఎడమ మూల చూడు. సిలిండర్లలోకి గాలి నింపే కంప్రెసర్ ఉంది. అది గాలి పీల్చే గొట్టం ఎక్కడికి పోయింది? ఇంజిను పొగ గొట్టం పక్కకి. పడవ వదిలిన పొగ సిలిండర్లోకెక్కి, అదే నువ్వు నీళ్ళ కింద పీల్చుకుంటావు. పైగా దాన్ని ఒడ్డుకెక్కించి అడుగు చూసింది ఎప్పుడో ఎక్కడా రాయలేదు. వద్దు.

ఇక నీ చీటీ సంగతి. నాకు అరవై రెండు. కళ్ళు బాగానే ఉన్నాయి. ప్లాన్లు చూడటానికి భూతద్దం కూడా వాడలేదు. పొగ గొట్టం అన్నది వేలిగోరంత ఫోటోలో కనిపెట్టాను, అది చాలదా? ముసలిది సరిగ్గా చూస్తోందో లేదో అని అనుమానముంటే సూటిగా అడగొచ్చు, కళ్ళద్దాల షాపు తెలివితేటలు నా దగ్గర ఎందుకు. చీటీ పంపడం లేదు.

మూడూ పోయాయి. ఇంక ఈ ఏడాదికి మానుకోరాదూ? ఒడ్డున హోటల్ ఏం తక్కువ. మంచం కదలదు.

అత్త

*

మార్చి 12

అత్తా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది, రెండోసారి ఏడుపొచ్చింది.

నీ కళ్ళని నేను అనుమానించలేదు. చీటీ ఎందుకో ఇప్పుడు చెప్పను, చెప్తే పాడైపోతుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఎందుకంత ఉలిక్కిపడ్డావో నాకైతే తెలీదు.

నువ్వు పెట్టిన వంకలన్నీ వాళ్ళకి రాసి పంపాను. తెల్ల పడవ వాళ్ళు జవాబివ్వలేదు. ఆకుపచ్చ వాళ్ళు ప్లగ్గులు వెనక డెక్కు మీదికి మార్చుకుంటామన్నారు. చెక్క పడవ ముసలాయన గొట్టం పైకి పెంచి ఫోటో కూడా పంపాడు, మీ అత్తగారికి దండం పెట్టానని చెప్పండి అన్నాడు. అంటే నువ్వు చెప్పినవన్నీ నూటికి నూరు పాళ్ళు నిజం. అయినా నా మనసు ఒప్పుకోవడం లేదు. మూడు ఉత్తరాల్లో నేను ఒకటే ప్రశ్న అడుగుతున్నా, నువ్వు పడవ గురించే చెప్తున్నావు.

నాకొకటే అనిపిస్తోంది. నాతో నీళ్ళలోకి రావడానికి నీకు నమ్మకం లేదు. నూట ఇరవైసార్లు దిగాను అత్తా. ఇద్దరిని నా గాలిలో వాటా ఇచ్చి పైకి తెచ్చాను. నీకు మాత్రం నేనింకా బల్ల కింద కూర్చున్న పిల్లనే. అది మాట మాత్రమైనా అనకుండా పడవల మీద తోస్తున్నావు.

నాలుగో పడవ ప్లాన్లు పంపుతున్నా. ఇదే ఆఖరు. ఉక్కు పడవ. చిన్నది, పన్నెండు మందికే. నీలాంటి వాళ్ళు ఇద్దరు చూసి సంతకం పెట్టిన కాగితాలు కూడా ఉన్నాయి. ఇందులోనూ వంక ఉంటే రాయి. లేకపోతే వస్తావో రావో రాయి. తాడో పేడో తేలిపోవాలి.

కోడలు

*

మార్చి 24

తల్లీ,

నాలుగో పడవని ఎనిమిది రోజులు చూశాను. ప్రతి గదికీ రెండు దారులు, రెండూ వేర్వేరు వైపులకి. బ్యాటరీలు బయట, ఇనప అరలో. కంప్రెసర్ గొట్టం గాలికి ఎదురుగా. లైఫ్ జాకెట్లు మెట్ల దగ్గర, చెయ్యి చాస్తే అందేలా. ఆర్నెల్ల కిందట ఒడ్డుకెక్కించారు. వంటాయన ఫోటో పెట్టలేదని రాద్దామనుకున్నాను. రాయబోయి నాకే సిగ్గేసింది. వంకలేనమ్మ డొంక పట్టుకుని ఏడ్చిందంటారే, ఆ అమ్మని నేనే.

నీమీద నమ్మకం లేక కాదు. ఆడలేక మద్దెల ఓడు అంటున్నాను, అంతే. ఇప్పుడు మద్దెల బాగుందని తేలింది కాబట్టి నిజం కాగితం మీద పెడుతున్నాను.

నాకు సముద్రం పడదు. ఉద్యోగంలో చేరిన మొదటి నెల, ఒక పడవని నడిపి చూడటానికి వెళ్ళాను. హార్బరు గోడ దాటామో లేదో పేగులు నోట్లోకొచ్చాయి. కొత్త హెల్మెట్ తీసి అందులోనే కక్కుకున్నాను. పడవ నడిపేవాడు నవ్వలేదు, నవ్వినా బాగుండేది. "మేడమ్‌ని ఆఫీసులో ఫైళ్ళు చూసుకోమనండి" అన్నాడు. ఆ హార్బర్లో ఇన్‌స్పెక్టరు ఉద్యోగానికి వచ్చిన మొదటి ఆడమనిషిని నేను. నాకు సముద్రం పడదని పైవాళ్ళకి తెలిస్తే నా తర్వాత ఇంకో ఆడపిల్లని తీసుకునేవాళ్ళు కాదు. అప్పట్లో అలా అనుకున్నాను, ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను.

అదే వారం లావు సారు ఒక పడవ అడుగు ట్యాంకులోకి దిగి మూతలో ఇరుక్కుపోయాడు. ముగ్గురం కలిసి లాగాం. చొక్కా గుండీలన్నీ లోపలే ఉండిపోయాయి. ఆ సాయంత్రం ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఇద్దరం ఒక ఒప్పందం చేసుకున్నాం. ఇరుకు నాది, సముద్రం ఆయనది. ఏ పడవ వచ్చినా ట్యాంకులూ అడుగూ ఇంజను కిందా నేను దూరతాను, నడిపి చూడటానికి ఆయన వెళ్తాడు. ఎవరు చూసింది వాళ్ళే సంతకం పెట్టాలి. ఇరవై ఎనిమిదేళ్ళు అలాగే నడిపాం. ఒక్క దొంగ సంతకం లేదు. కానీ ఎవరికీ చెప్పలేదు, మీ నాన్నకి కూడా.

సాయంత్రం సారు తిరిగొచ్చి, టీ తాగుతూ ఆరోజు చూసింది చెప్పేవాడు. డాల్ఫిన్లు, రెండు రంగుల గీత, అన్నీ. ఎగిరే చేప ఆయన జేబులో పడింది, నా జేబులో కాదు. మర్నాడు నువ్వు బల్ల కింద కూర్చుని "ఇవాళ సముద్రంలో ఏం చూశావత్తా" అనేదానివి. ఏమీ చూడలేదు, నూనె ట్యాంకు చూశానని చెప్పాలనిపించేది కాదు. నీ మొహం చూసి ఆయన కథలన్నీ నావి చేసుకున్నాను. ఎరువు సొమ్ము బరువు చేటని ఊరికే అనలేదు. నువ్వు క్లాసు బయట నిలబడ్డావని ఇన్నాళ్ళకి తెలిసింది. ఆ ముక్క చదివి చాలాసేపు ఉత్తరం మడతపెట్టలేకపోయాను.

హార్బరు గోడ దాటి నేను సముద్రం చూసింది ఆ ఒక్కరోజే. అదీ హెల్మెట్ లోంచి.

ఈ పడవ మంచిది. నువ్వు వెళ్ళు. నా పేరు ఇవ్వకు.

అత్త

*

ఏప్రిల్ 6

అత్తా,

ఇన్నిరోజులు ఎందుకు రాయలేదంటే కోపమొచ్చింది. దాచడం ఎందుకు. నేను ఊళ్ళో అందరికీ మా అత్త సముద్రం మీద బతికిందని చెప్పుకున్నాను. నీ ఉత్తరం సొరుగులో పెట్టి తాళం వేశాను. షాపులో ఒకాయనకి కుడి అద్దం ఎడమవైపు బిగించాను.

తర్వాత ఒకరోజు గిరాకీ లేనప్పుడు మళ్ళీ తీసి చదివాను. ఈసారి వేరే సంగతి కనపడింది. చేప పడిందన్నది నిజమే కదా. జేబు మారింది, అంతే. నాలుగో తరగతి టీచరుతో నేను చేసిన గొడవ దండగ కాలేదు. రెండోది, ట్యాంకుల్లోకి దూరి ఇరవై ఎనిమిదేళ్ళు చీకట్లో పాకినదానివి, అవి కథలు కావని నీకెవరు చెప్పారు? నాకు ఒక్కటీ చెప్పలేదు. దానికే నాకిప్పుడు అసలు కోపం.

ఇక నీకు తెలియని సంగతి ఒకటి చెప్తా. మా డైవింగ్ వాళ్ళలో సగంమందికి పడవ పడదు. నాకూ మొదటి రోజు కడుపులో తిప్పుతుంది. అలాంటివాళ్ళే అందరికంటే ముందు నీళ్ళలోకి దూకుతారు. ఎందుకో తెలుసా? ఊగేది పైన. నాలుగైదు మీటర్లు కిందికెళ్తే ఆ ఊపు చాలావరకు ఆగిపోతుంది. సముద్రం పడనివాళ్ళకి సముద్రంలో హాయిగా ఉండే చోటు అడుగునే. ముప్ఫై ఏళ్ళు పడవ అడుగునే పని చేశావు, ఇంకొంచెం కిందికి దిగడానికి నీకేంటి?

చీటీ ఎందుకో కూడా చెప్పేస్తున్నా. నీ కోసం డైవింగ్ మాస్క్ చేస్తున్నాను. అద్దాల్లో నీ పవరు, పైన దూరానికి, కింద దగ్గరికి. షాపులో అందరికీ చేసేది నేనే, నీకు మాత్రం ఎవరో చేసింది పెట్టుకోమనలేను కదా. ఫ్రేము తయారుగా ఉంది. అద్దాలే లేవు.

మార్చి ముప్ఫైనే ఇద్దరి పేర్లూ ఇచ్చాను. కోపంగా ఉన్నప్పుడే ఇచ్చాను.

నీ కోడలు పిల్ల

*

ఏప్రిల్ 13

పిల్లా,

చీటీ జతపరిచాను. దూరానికి మైనస్ రెండున్నర, మిగతాది అందులో ఉంది.

డాక్టరు దగ్గరికి వెళ్ళాను. గుండె, చెవులు, ఊపిరితిత్తులు చూసి సంతకం పెట్టాడు. ఏ పరీక్షలు చేశాడో అన్నీ రాయించుకున్నాను. మాత్రలు కూడా ఇచ్చాడు. ఈతకొలనులో డైవింగ్ నేర్పే మాస్టారి దగ్గర సోమవారం నుంచి చేరుతున్నాను.

హెల్మెట్ తెచ్చుకుంటాను. అలవాటైన సామాను.

అత్త

*

అక్టోబరు 29

తల్లీ,

వారమంతా నా పక్కనే ఉన్నావు, అన్నీ చూశావు. మళ్ళీ ఉత్తరమేంటి అనుకోకు. కాగితం మీద పెట్టందే నాకు జరిగినట్టుండదు.

ప్రయాణికురాలి పరిస్థితి: మొదటిరోజు నాలుగుసార్లు, రెండోరోజు రెండు, మూడోరోజు ఒకటి. ఆ తర్వాత లేవు. హెల్మెట్ వాడాల్సిన పని పడలేదు, బకెట్టిచ్చారు. అందరి ముందూ కక్కుకున్నాను, ఎవరూ నన్ను ఫైళ్ళు చూసుకోమనలేదు. వంటాయన నిమ్మకాయ ముక్క తెచ్చిచ్చాడు. ముప్ఫై రెండేళ్ళు దాచింది ఇదా అనిపించింది.

నాలుగోరోజు పొద్దున గురువు ఒక చెయ్యి, నువ్వు ఒక చెయ్యి పట్టుకుని దింపారు. చేపలు చూడమని నువ్వు అటూ ఇటూ చూపిస్తున్నావు. చూశాను, బాగున్నాయి. కానీ పైకి మాత్రం నువ్వు చూపించలేదు, నేనే తలెత్తాను. మన పడవ అడుగు కనిపించింది. కొన్ని వేల పడవల అడుగులు చూశాను, అన్నీ ఒడ్డున చెక్క దిమ్మల మీద ఎండిపోయినవే. నీళ్ళు మోస్తున్న అడుగుని చూడటం అదే మొదలు. అంత ఉక్కూ బరువేమీ లేనట్టు నా నెత్తిన నిలబడి ఉంది. మాస్క్ లోకి నీళ్ళొచ్చాయని నువ్వు కంగారుపడ్డావు. అవి సముద్రం నీళ్ళు కావు. నీ అద్దాల్లో లోపమేమీ లేదు.

అప్పుడే ఆ జింకు బిళ్ళ చూశాను. పడవ ఉక్కు తుప్పు పట్టకుండా అడుగున జింకు బిళ్ళలు బిగిస్తారు, ఉప్పునీళ్ళు ఉక్కుని వదిలి వాటిని తింటాయి. చుక్కాని పక్కది పూర్తిగా అరిగిపోయింది. కెప్టెనుకి చెప్తే మొదట నమ్మలేదని నీకు తెలుసు కదా. తన మనిషిని దింపి చూపించాక, అరిగిన సబ్బుముక్కలాంటి దాన్ని అరచేతిలో పెట్టుకుని నావంక అదోలా చూశాడు. ఒడ్డున కూర్చుని మూడు పడవలకి వంకలు పెట్టాను, నాలుగోదానికి వంకలేదని రాసిచ్చాను. దాని వంక కిందికి దిగితే గానీ కనపడలేదు.

ఇంటికొచ్చిన మర్నాడు లావు సారు ఇంటికెళ్ళాను. ఈమధ్యే ఆయన మోకాళ్ళు పోయాయి, గుమ్మం దాటడం లేదు. టీ తెప్పించాడు. పాత అలవాటు కొద్దీ ఆయనే ఏదో చెప్పబోయాడు. ఆగండి సార్, ఇవాళ నా వంతు అన్నాను. మొదటి బకెట్టు దగ్గర్నుంచి జింకు బిళ్ళ దాకా మొత్తం చెప్పాను. మధ్యలో ఒక్కసారే అడ్డుతగిలాడు, జేబులో ఏమైనా పడిందా అని. నీళ్ళలోకి దిగే సూటుకి జేబుల్లేవు సార్ అన్నాను. రెండు కప్పుల టీ చల్లారిపోయింది.

అంతా విని, చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు. తర్వాత అడిగాడు, "మేడమ్, దీన్ని మా మనవరాలికి నేనే దిగి చూసినట్టు చెప్పుకోవచ్చా?"

చెప్పుకోండి సార్ అన్నాను. జింకు బిళ్ళ మాత్రం నా పేరు మీదే చెప్పమన్నాను.

నీ సుత్తి అత్త